తాళంచెవి వద్దన్న మడతక్క

మడతక్క గురించి మీరు విన్నది చాలావరకు తప్పు. ఆమె పుట్టుకతోనే నాయకురాలట, బళ్ళోనే టీచరుకు ఎదురు తిరిగిందట, పెద్ద పెద్ద హక్కుల నాయకుల జీవితాలన్నీ చదివి కంఠతా పట్టిందట. మొన్న ఒకాయన హాలు నిండా జనాన్ని కూర్చోబెట్టి, గెలిచినవాళ్ళ రహస్యాలు విప్పి చెబుతానంటూ ఆమెను ఉదాహరణగా ఎత్తాడు. ఆమె రోజూ తెల్లవారుజామున నాలుగింటికే లేస్తుందనీ, క్రమశిక్షణ అంటే అదనీ అన్నాడు. నాలుగింటికి లేచే మాట నిజమే. వాళ్ళ వీధిలో కుళాయి నాలుగింటికి వస్తుంది, నాలుగున్నరకు పోతుంది. ఆ లెక్కన ఆ వీధి వీధంతా మహానాయకులే.

బళ్ళో ఆమె ఎదురు తిరిగింది లేదు, ఏమీ లేదు. ఐదో తరగతిలో టీచరు గట్టిగా పేరు పిలిస్తే బల్ల కింద దూరిన పిల్ల. ఇప్పటికీ బస్సు బోర్డులు తప్ప పుస్తకాల జోలికి పోదు. బల్లి కనబడితే స్టూలెక్కుతుంది. ఆఫీసరు గదిలోకి వెళ్ళాలంటే ముందురోజు నుంచే ఏదో ఒక వంక వెతుక్కుంటుంది.

అన్నిటికంటే పెద్ద అబద్ధం ఇంకొకటుంది. ఆమెకు పేరు తెచ్చిన లాండ్రీ గొడవలో ఆమె ఒక్క అడుగు కూడా కదల్లేదని చెప్పుకుంటున్నారు. కదిలింది. అందరికంటే ముందు కదిలిందే ఆమె. ఆ ఒక్క అడుగుతో పనంతా చెడిపోయింది కూడా. ఆ సంగతి దగ్గరికి వద్దాం.

ఆమె పని చేసేది ఒక పెద్దాసుపత్రి అడుగున ఉన్న లాండ్రీలో. పై ఆరు అంతస్తుల్లో రోగులు పడుకున్న దుప్పట్లన్నీ గోడలోపలి రేకు గొట్టంలోంచి దబ్బుదబ్బున కిందికొచ్చి పడతాయి. మరకలవి ఒక పక్క, మామూలువి ఒక పక్క ఏరి, ఉతికి, పిండి, బీరువా అంత లావున్న వేడి రోలరు కింద నుంచి లాగి, చివరికి మడత బల్ల దగ్గరికి తెస్తారు. పన్నెండు మంది ఆడవాళ్ళు. కిటికీ ఒక్కటీ లేదు. పైన ఒక ఫ్యాను తిరుగుతుంది గానీ అది గాలికంటే మోతే ఎక్కువ పెడుతుంది. అక్కడ పని చేసేవాళ్ళకు గట్టిగా మాట్లాడే అలవాటు వచ్చేస్తుంది. ఇంట్లో ఉప్పందుకోమన్నా పక్కింటివాళ్ళు ఉలిక్కిపడతారు.

దుప్పటి మడత ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చెరో రెండు మూలలూ పట్టుకుంటారు. లాగి బిగిస్తారు. ఒకరు ఫట్‌మని ఒక్క విదిలింపు విదిలిస్తారు. ఆ చప్పుడు వినగానే రెండోవాళ్ళు ముందుకు అడుగేసి తమ మూలలు తెచ్చి ఇటు మూలలకు కలుపుతారు. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ఫట్, మళ్ళీ అడుగు. పూటకు మూడు వందల దుప్పట్లు. కొన్నేళ్ళయ్యాక అది మనిషి చేసే పనిగా ఉండదు, కాళ్ళు వాటంతట అవే చేసుకుపోతాయి. బుర్ర మాత్రం ఇంట్లో పొయ్యి ఆర్పామా లేదా అని ఆలోచించుకుంటూ ఉంటుంది.

పంతొమ్మిదేళ్ళుగా ఆ బల్ల దగ్గర ఉంది కాబట్టి ఆమెకు మడతక్క అని పేరు పడింది. ఆమెకు ఎదుటి కొస పట్టేది సొంత వదిన, అంటే మొగుడికి అక్క. ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు, మధ్యలో ఒకే పెరడు. ఆ పెరట్లో బట్టలారేసుకునే తీగ ఎవరిదన్న దగ్గర మాట పట్టింపొచ్చింది. రోజంతా ఆసుపత్రి దుప్పట్లతో మునిగి తేలే ఇద్దరు మనుషులు, ఇంటి దగ్గర బారెడు తీగ కోసం ఉప్పూ నిప్పూ అయిపోయారు. రెండేళ్ళ నుంచి మాటల్లేవు. ‘మీ అక్కతో చెప్పు’ అని ఈమె, ‘నీ పెళ్ళాంతో చెప్పు’ అని ఆమె. ఆ మొగుడు పాపం బస్సు డ్రైవరు. పగలంతా డ్రైవరు పని, ఇంటికొస్తే వీళ్ళిద్దరి మధ్యా కండక్టరు పని.

కానీ బల్ల దగ్గర చూస్తే మీరు నమ్మరు. మొహాలు మొహాలు చూసుకోకుండానే ఇద్దరి అడుగూ ఒక్కసారే పడేది. వదిన మోకాలు నొప్పిగా ఉన్న రోజున మడతక్క నోరెత్తి అడగకుండానే రెండు అడుగులు తనే ఎక్కువ వేసేది. వదినా అది గమనించనట్టే ఉండేది.

ఇక తాళం సంగతి. మూడేళ్ళ కిందట కొన్ని కంబళ్ళు కనిపించకుండా పోయాయి. ఎవరు తీశారో ఈనాటికీ తేలలేదు గానీ, ఆ మర్నాటి నుంచి లాండ్రీ ఇనుప తలుపుకు బయటి నుంచి గడియ, గడియకు తాళం. పొద్దున్న ఎనిమిదికి ఆడవాళ్ళు లోపలికి వెళ్ళగానే వేస్తారు, మధ్యాహ్నం తిండికి తీస్తారు, మళ్ళీ వేస్తారు. తాళంచెవి సూపర్‌వైజరమ్మ నడుముకు వేలాడుతూ ఉంటుంది. ఆమె వాళ్ళలోంచి పైకొచ్చిన మనిషే. పదిహేనేళ్ళు అదే బల్ల దగ్గర దుప్పట్లు మడతపెట్టి, ఆ తరవాత కుర్చీ ఎక్కింది. లోపలికొచ్చి బయటికెళ్ళిన ప్రతిసారీ ఆమె చెయ్యి దానంతటదే గడియ మీదికి పోయేది. చెడ్డ మనిషని అనలేం. కుర్చీ పోతుందేమోనన్న భయం మాత్రం గుండెల నిండా ఉన్న మనిషి.

ఒక సోమవారం పొద్దున్న పదింటికి రోలరు పక్కనున్న ఆవిరి గొట్టం పగిలింది. గది తెల్లగా అయిపోయింది. పన్నెండు మందీ తడుముకుంటూ తలుపు దగ్గరికి పరిగెత్తారు. తాళం. సూపర్‌వైజరమ్మ నాలుగో అంతస్తులో మీటింగులో ఉంది. ట్రాలీతో గుద్దారు, చెప్పులతో బాదారు, ఆ మెషిన్ల మోతలో ఎవరికి వినబడుతుంది. సూపర్‌వైజరమ్మ దిగి వచ్చి తీసేసరికి ఇరవై నిమిషాలు. అందరికంటే పెద్దది, అసలే ఉబ్బసం మనిషి, అందరూ పెద్దమ్మా అని పిలిచే ఆవిడ గోడకు జారిపోయింది. మడతక్కా వదినా తడి దుప్పటి ఒకటి లాగి, చెరో రెండు మూలలూ పట్టి, ఆవిడకూ ఆవిరికీ మధ్య అడ్డుగా పట్టుకుని నిలబడ్డారు. అప్పుడు కూడా మాటల్లేవు.

పెద్దమ్మ బతికింది. మూడో అంతస్తులో, తాను ఉతికిన దుప్పటి మీదే, ముక్కుకు గొట్టంతో పడుకుంది.

మర్నాడు పైనుంచి మనిషికొక కాగితం దిగింది. ప్రమాదం జరిగినప్పుడు తలుపు తెరిచే ఉందనీ, అందరూ బయటికి వచ్చేశారనీ, పెద్దావిడ మాత్రం వయసు మీద పడి కంగారులో దారి తెలియక లోపలే ఉండిపోయిందనీ అందులో రాసుంది. శుక్రవారం లోపు పన్నెండు మందీ, అంటే పెద్దమ్మ పోను పదకొండు మందీ, సంతకాలు పెట్టాలి. పెట్టనివాళ్ళు పనికి రానక్కర్లేదు. అసలు కిటుకు ఎవరికైనా తెలుస్తుంది. తలుపు తెరిచే ఉందని వాళ్ళ చేతే రాయించుకుంటే, ఆ తాళం గురించి ఇక ఎవరూ అడగరు. ఆ పైన అది నిశ్చింతగా అక్కడే ఉంటుంది.

మొదటి పూటకే నలుగురు పెట్టేశారు. అందులో వదిన ఒకతి. ఆమె పెనిమిటి ఆ ఆసుపత్రి గేటు దగ్గరే కాపలా. ఏడాదికొకసారి అతన్ని పనిలో ఉంచుతున్నట్టు పైవాళ్ళు కొత్తగా కాగితం రాయాలి. ఇంకేం చేస్తుంది.

మడతక్క పెట్టలేదు. అదేదో గొప్ప ధైర్యమని అనుకోకండి. కాగితం అందుకుని చదివితే ఆమెకు నిజంగానే అయోమయంగా అనిపించింది. తాను లోపలుంది. బయటికి వచ్చేశానని రాసుంది. కళ్ళ ముందు జరిగినదాన్ని అలా ఎలా తిప్పి రాస్తారో ఆమె బుర్రకు ఎక్కలేదు. పెన్ను పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వెనక లైనులోవాళ్ళు తొయ్యడం మొదలుపెట్టారు. పెన్ను పక్కన పెట్టి వచ్చేసింది.

ఆ మధ్యాహ్నమే పెద్దాఫీసరు గదికి పిలుపొచ్చింది. వంకేదీ దొరక్క వెళ్ళింది. ఆయన అరిచే రకం కాదు. కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. పంతొమ్మిదేళ్ళ అనుభవం ఉన్న మనిషి ఇంకా నిలబడి మడతలు పెట్టడమేమిటని బాధపడ్డాడు. సూపర్‌వైజరమ్మను వేరే చోటికి మారుస్తున్నామనీ, ఆ కుర్చీకి ఎవరైతే బాగుంటారా అని చూస్తున్నామనీ అన్నాడు. జీవితంలో పైకొచ్చినవాళ్ళందరూ అవకాశం వచ్చినప్పుడు అందిపుచ్చుకున్నవాళ్ళేనని రెండు కథలు కూడా చెప్పాడు. ఆ తరవాత మెల్లగా అన్నాడు.

“నీకు ఆ తాళం సంగతే కదమ్మా బాధ. రేపట్నుంచి ఆ తాళంచెవి నీ చేతిలోనే ఉంటుంది. వేస్తావో మానేస్తావో నీ ఇష్టం. నేను అడగను.”

మడతక్క మనసులో లెక్క వేసుకుంది. కుర్చీ, కూర్చుని చేసే పని, వదిన చేత రోజూ ‘మేడమ్’ అనిపించుకోవడం. ఆశ పడలేదని చెబితే అబద్ధం. ఆ చివరిది తలుచుకుంటే నవ్వు కూడా వచ్చిందని ఆమే చెప్పుకుంది.

“తాళంచెవి నాకొద్దు సార్,” అంది చివరికి. “తాళమే వద్దు.”

“రెండూ ఒకటే కదా.”

“ఒకటి కాదు సార్. ఇవాళ నా నడుముకుంటుంది. రేపు నాకు జ్వరమొస్తే ఇంకోళ్ళ నడుముకుంటుంది.”

ఆయన నవ్వు మొహంతోనే తలుపు చూపించాడు. శుక్రవారం దాకా గడువుందని గుర్తు చేశాడు.

ఇంటికెళ్ళి చెబితే మొగుడు తల పట్టుకున్నాడు. కుర్చీ ఇస్తామంటే కాదనుకుని వచ్చిన మనిషిని తన సర్వీసులో చూడలేదన్నాడు. అన్నం ముందు కూర్చుని నిట్టూర్పులు విడిచాడు. ఈలోపు పెరట్లోంచి చెప్పుల చప్పుడైంది. వదిన. తీగకు ఆవలి పక్కనే నిలబడింది, ఇవతలికి రాలేదు.

“సంతకం పెట్టలేదంట.”

రెండేళ్ళ తరవాత మొదటి మాట. మడతక్క బకెట్టు కింద పెట్టింది.

“లేదు వదినా.”

“నేను పెట్టా.”

“తెలుసు.”

“తెలిస్తే నన్నో మాట అనవే.”

“ఏమనాలి. మీ ఆయన గేటు దగ్గరున్నాడు. నాకు గేటు లేదు.”

వదిన కాసేపు తీగకున్న క్లిప్పులు అటూ ఇటూ జరిపింది. ఆమె చెప్పిందేమిటంటే, ఆ కాగితం మీద సంతకం పెట్టినప్పటినుంచీ తనకు ముద్ద దిగడం లేదట. పెద్దమ్మను చూడ్డానికి పైకి వెళితే ఆవిడ కళ్ళతోనే ‘నువ్వూనా’ అన్నట్టు చూసిందట. నిజానికి పెద్దమ్మ మందుల మత్తులో ఎవరినీ గుర్తుపట్టే స్థితిలో లేదు. అయినా వదినకు అలా కనిపించింది. “ఏం చేద్దామనుకుంటున్నావే” అని అడిగింది. మడతక్కకు ఏమీ తెలియదు. తెలియదనే చెప్పింది. ఆ ఇద్దరూ పెరట్లో నిలబడి, ఒకరి మాటను ఇంకొకరు విరుచుకుంటూ, తిట్టుకుంటూ, పాత తీగ గొడవ మధ్యలో రెండుసార్లు లేవదీసుకుంటూ, చివరికి ఒక ఆలోచన పట్టారు. పని మానేస్తే తీసేస్తారు. కాబట్టి మానొద్దు. దుప్పటి పట్టుకుందాం, లాగి బిగిద్దాం, అడుగు మాత్రం వెయ్యొద్దు. తాళం తీసేదాకా ఒక్క మడత పడొద్దు.

బుధవారం పొద్దున్న మిగతా తొమ్మిది మందికీ చెప్పారు. కొందరు జంకారు గానీ కాదనలేకపోయారు. ఆ ఆవిరిలో అందరూ ఉన్నారు. ఎనిమిదింటికి పెద్ద బల్ల చుట్టూ ఐదు జంటలు నిలబడ్డాయి. మిగిలిన ఒకతి రోలరు దగ్గర. ఐదు తెల్లటి దుప్పట్లు గాలిలో బిగుసుకుని ఉన్నాయి. ఎవరూ కదల్లేదు. సూపర్‌వైజరమ్మ వచ్చి ఏమిటిదంది. పని చేస్తున్నామమ్మా, దుప్పటి చేతిలోనే ఉంది కదా అన్నారు. ఆమె బతిమాలింది, బెదిరించింది. పై నుంచి నర్సులు దుప్పట్లేవంటూ మనిషి మీద మనిషిని పంపుతున్నారు. గంట గడిచింది.

అప్పుడు సూపర్‌వైజరమ్మకు తన పదిహేనేళ్ళు గుర్తొచ్చాయి. మడతక్కా వదినా ఉన్న చోటికి నడిచింది. వదినను పక్కకు జరిపి, ఆమె చేతుల్లోని రెండు మూలలూ తను అందుకుంది. ఫట్‌మని ఒక్క విదిలింపు విదిలించింది.

మడతక్క అడుగు ముందుకు పడింది. మూలలు మూలలకు కలిశాయి. చప్పుడు వినగానే పక్క జంటలో కాలు కదిలింది, దాని పక్క జంటలోనూ. ఏం జరిగిందో తెలిసేలోపు మూడు దుప్పట్లు చక్కగా మడతపడి బల్ల మీద ఉన్నాయి. సూపర్‌వైజరమ్మ చేతులు దులుపుకుంది. నవ్వింది, అంతే. మిగిలినవాళ్ళు తల దించుకుని పనిలో పడిపోయారు. ఇంకేముంది, మధ్యాహ్నానికల్లా ట్రాలీలు నిండి పైకి వెళ్ళిపోయాయి.

ఉపన్యాసాల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు. సమ్మె కట్టించిన మనిషి కాలే ముందుగా సమ్మె విడిచింది. మడతక్క ఆ పూట అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు. మెషిన్ల వెనక్కి వెళ్ళి తన కుడి కాలిని తనే చెప్పుతో రెండు దెబ్బలు కొట్టుకుంది. ఇక సంతకం పెట్టేసి ఆ నాలుగు మెతుకులు తినడం మంచిదేమో అనుకుంది. సాయంత్రం బస్సులో వదిన పక్కన కూర్చుని ఆ మాటే అంది.

వదిన మోకాలు రుద్దుకుంటూ విని, పుల్ల విరిచినట్టు అంది:

“నీ కాలు తప్పేం లేదే. నిలబడ్డ కాలు అడుగెయ్యక ఏం చేస్తుంది. రేపు కూర్చుందాం.”

ఈ ఉపాయం మడతక్కదని అందరూ చెబుతారు. కాదు. అది వదిన మోకాళ్ళ నొప్పిలోంచి పుట్టిన ఉపాయం. మడతక్క ఎక్కడికెళ్ళినా ఈ మాట చెబుతూనే ఉంది, రాసుకునేవాళ్ళే రాసుకోవడం లేదు. కథకు ఒక్క మనిషైతే వాళ్ళకు సుఖం.

గురువారం పొద్దున్న పదకొండు మందీ బల్ల పక్కన నేల మీద వరసగా చతికిలపడ్డారు. దుప్పట్ల మూలలు చేతుల్లోనే. సూపర్‌వైజరమ్మ విదిలించింది. ఒకసారి, రెండుసార్లు, చెయ్యి నొప్పి పుట్టేదాకా. కింద కూర్చున్నవాళ్ళ కాళ్ళు కొద్దిగా ఉలిక్కిపడ్డాయి గానీ లేచి నడవలేదు కదా. ఒకావిడ రెండు పాదాలనూ తన దుప్పటితోనే చుట్టి ముడేసుకుంది, ఎందుకైనా మంచిదని. పదిన్నరకు పైన ఆపరేషన్ల గదిలో దుప్పట్లు అయిపోయాయని కబురొచ్చింది. పదకొండింటికి పెద్దాఫీసరే మెట్లు దిగి వచ్చాడు. ఆ ఉద్యోగంలో చేరాక ఆయన ఆ గదిలోకి రావడం అదే మొదటిసారి. గుమ్మంలోనే కళ్ళద్దాలు మసకబారాయి.

ఇదేమంత బ్రహ్మవిద్య కాదని, ఈ పని ఎవరైనా చెయ్యగలరని నిరూపించడానికి ఆయన ఒక దుప్పటి కొస అందుకుని, రెండో కొస సూపర్‌వైజరమ్మను పట్టుకోమన్నాడు. ఆమె విదిలించింది. ఆయన దుప్పటితో సహా ముందుకు తూలి బల్లకు గుద్దుకున్నాడు. రెండోసారి మూలలు తారుమారై దుప్పటి తాడులా మెలిపడింది. మూడోసారి నేలకు తగిలింది, అంటే మళ్ళీ ఉతుక్కి వెయ్యాలి. ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి ఒకావిడ నోట్లో ఏప్రన్ అంచు కుక్కుకుంది.

ఆయన మొహం కందగడ్డలా అయింది. పైకెళ్ళి సంతకాల కాగితాలు పట్టుకురమ్మనీ, పెట్టనివాళ్ళను ఈ నిమిషమే గేటు బయటికి పంపుతాననీ సూపర్‌వైజరమ్మతో అన్నాడు. తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందనీ, ఉండలేనివాళ్ళు లేచి వెళ్ళిపోవచ్చనీ కూడా అన్నాడు. సూపర్‌వైజరమ్మ హడావిడిగా బయటికి వెళ్ళింది. వెళుతూ వెళుతూ, మూడేళ్ళుగా ఆమె చెయ్యి చేస్తున్న పని ఆమెతో చెప్పకుండానే చేసేసింది. గడియ పడింది. తాళం టక్కుమంది. చెప్పుల చప్పుడు మెట్ల మీదుగా పైకి వెళ్ళిపోయింది.

ఆ చప్పుడు లోపలున్న పదకొండు మందికీ తెలుసు. ఆఫీసరుకు తెలియదు. ఆయన కాసేపు అటూ ఇటూ తిరిగి, చెమట తుడుచుకుని, తలుపు దగ్గరికి వెళ్ళి తోశాడు. మళ్ళీ తోశాడు. భుజంతో తోశాడు. వెనక్కి తిరిగి వాళ్ళ వంక చూశాడు. ఆ చూపు ఎలా ఉంటుందో వాళ్ళకు కొత్త కాదు, సోమవారం పదింటికి పదకొండు మొహాల్లో చూసిందే. పిడికిలితో బాదాడు. జేబులో ఫోను తీసి చూశాడు. ఆ నేలమాళిగలో ఫోనుకు ప్రాణం ఉండదు.

మడతక్క తన పక్కన దుప్పట్ల మూట ఒకటి చేత్తో సర్ది చోటు చేసింది.

“కూర్చోండి సార్. నిలబడితే వేడి తలకి కొడుతుంది.”

“ఈ తలుపు...” అన్నాడాయన.

“తెరిచే ఉంది సార్. కాగితంలో రాశారు కదా.”

ఆయన కూర్చున్నాడు. మూట మీద కాదు, మెషిను దిమ్మ మీద. అది కాలుతుందని ఎవరూ చెప్పలేదు. వెంటనే లేచి మూట మీదికే వచ్చాడు. పైన సూపర్‌వైజరమ్మకు కాగితాలు ఏ డ్రాయరులో ఉన్నాయో దొరకలేదట. దొరికి కిందికి వచ్చేసరికి పావుగంటైంది. ఆ పావుగంటలో ఎవరూ ఆయన్ను ఒక్క మాట అనలేదు. వదిన మాత్రం, పెద్దమ్మకు ఇంతకంటే ఐదు నిమిషాలు ఎక్కువ పట్టిందని ఎవరికీ చెప్పనట్టుగా గోడకు చెప్పింది.

తలుపు తీసిన సూపర్‌వైజరమ్మ చేతిలో కాగితాలు, నడుముకు తాళంచెవి, ఎదురుగా చొక్కా ఒంటికి అతుక్కుపోయిన పెద్దాఫీసరు. ఆమె కొయ్యబారిపోయింది. వదిన లేచి వెళ్ళి ఆమె చేతిలోంచి కాగితాల కట్ట మెల్లగా తీసుకుంది. తన సంతకం ఉన్నది వెతికి పట్టుకుని, నాలుగు మడతలు పెట్టి, జాకెట్టులో దోపుకుంది. ఎవరూ ఆపలేదు. మిగతా ముగ్గురూ వరసగా వచ్చి ఎవరిది వాళ్ళు తీసుకున్నారు.

ఆ సాయంత్రమే ఒక పనివాడొచ్చి గడియను రంపంతో కోసేశాడు. లోపలి నుంచి తీసుకునే పిడి ఒకటి బిగించారు. పెద్దమ్మకు దారి తెలియలేదన్న రాత ఇక ఎక్కడా కనబడలేదు. ఆవిడ వైద్యం ఆసుపత్రే చూసుకుంది. సూపర్‌వైజరమ్మ కుర్చీ పోలేదు, ఆ పావుగంట సంగతి ఎవరికీ చెప్పకుండా ఉండడానికి ఆ కుర్చీ ఆమె దగ్గరే ఉంచారని లాండ్రీలో అందరి నమ్మకం. వదినా మడతక్కా మళ్ళీ మాట్లాడుకుంటున్నారు, అంటే ఇప్పుడు నేరుగా పోట్లాడుకుంటున్నారు. మొగుడికి కండక్టరు పని తప్పింది.

ఇక్కడితో ఆపేసి అందరూ చప్పట్లు కొడతారు. హాల్లో ఆ ఉపన్యాసకుడూ ఇక్కడే ఆపాడు. ఆ తరవాత సంగతి వినండి.

నెల తిరక్కముందే మడతక్కకు బదిలీ కాగితం వచ్చింది. ఆసుపత్రి వెనక పాత భవనంలో చిరిగిన దుప్పట్లు, పాత కంబళ్ళు పడేసే గది ఉంది. అక్కడ సర్దడానికి అనుభవమున్న మనిషి కావాలట. ఒక్క మనిషే కావాలట. వదిన అర్జీ పెట్టుకుంటే కుదరదన్నారు. పొద్దున్న ఎనిమిది నుంచి నాలుగు దాకా ఆమె ఒక్కతీ ఆ గదిలో ఉంటుంది. మాట్లాడితే గోడలతో మాట్లాడాలి. వారం కిందట ఆ తలుపుకు బయటి వైపు కొత్త గడియ బిగించారు. తాళం ఇంకా పెట్టలేదు. ఎందుకు బిగించారని ఆమె అడిగితే పాత వస్తువుల భద్రత కోసమన్నారు. మర్నాడు ఆమె ఇంటి నుంచి స్క్రూలు విప్పే పనిముట్టు తెచ్చి, ఆ గడియ విప్పి, కాగితంలో చుట్టి, పెద్దాఫీసరు గదికి పంపించింది. పైన ‘ఇది పొరపాటున నా తలుపుకు వచ్చింది’ అని రాసింది. మూడో రోజుకి మళ్ళీ బిగించారు. ఆమె మళ్ళీ విప్పింది. ఇది రాసేనాటికి ఆ గడియ నాలుగోసారి బిగించి ఉంది.

అందుకని చెప్పేది. మీలో ఎవరైనా ఆ ఆసుపత్రికి, ఎవరినో ఒకరిని చూడ్డానికి వెళతారు. మూడు నుంచి ఐదు దాకా చూడనిస్తారు. నాలుగు లోపే వెళ్ళండి. మీవాళ్ళను చూశాక, మందుల కొట్టు పక్క సందులోంచి వెనక్కి నడిస్తే సున్నం రాలిపోయిన పాత భవనం వస్తుంది. కింద ఎడమ చేతి రెండో గది. అలాంటి మనిషి ఇక్కడ లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. తలుపు తోసి చూడండి. తెరుచుకుంటే లోపలికి వెళ్ళి అన్నం తిన్నావా అక్కా అని అడిగి రండి. ఆమె మిమ్మల్ని గట్టిగా, కసిరినట్టు పలకరిస్తుంది, అది లాండ్రీ గొంతు, ఏమీ అనుకోకండి. తెరుచుకోకపోతే మాత్రం అక్కడి నుంచి కదలకండి. తీసేదాకా బాదండి.